సున్నిగాడి స్వెటరు

ఆదిలాబాదు,
డిసెంబరు 21

బావా,

నీ ఉత్తరం మొన్న అందింది. ‘కుక్కకు స్వెటరు అల్లుతున్నావటగా, రిటైరైతే మనిషికి ఇంత తీరిక దొరుకుతుందా’ అన్న వాక్యాన్ని మా ఆవిడ మూడుసార్లు పైకి చదివి వినిపించింది. నవ్వు, నవ్వు. మీ బందరులో చలికాలమంటే ఫ్యాను ఒక పాయింటు తగ్గించడమే కదా! ఇక్కడ ఈ వారం తెల్లవారుజామున 6 డిగ్రీలు. కొబ్బరినూనె సీసాను వేడినీళ్ల చెంబులో నిలబెడితే తప్ప తలకు చుక్క రాదు.

కుక్కలకు బట్టలు తొడిగేవాళ్లను చూసి నీకంటే ఎక్కువ నవ్వినవాణ్ని నేనే, ఒప్పుకుంటాను. హైదరాబాదులో ఉన్నప్పుడు పక్క వాటావాళ్లు పొమరేనియన్‌కు గౌను తొడిగి షికారు తిప్పేవారు. దానికి ఒంటి నిండా రెండు పొరల బొచ్చు, పైన మళ్లీ గౌను ఎందుకని ఇప్పటికీ అంటాను. మా సున్నిగాడి సంగతి వేరు. సున్నుండ రంగులో, సున్నుండంత గుండ్రంగా మురుగుకాలువ పక్కన దొరికాడు కాబట్టి ఆ పేరు. ఊరకుక్క. పొట్టి వెంట్రుకలే తప్ప లోపల మెత్తటి బొచ్చు లేనట్టే. పదమూడేళ్లు నిండాయి. వీపు నిమిరితే వెన్నుపూసలు ఒక్కొక్కటే వేళ్లకు తగులుతున్నాయి. కార్తీకం దాటాక ఒక రాత్రి వంటింటి గుమ్మం దగ్గర టకటకమని చప్పుడు. ఏమిటా అని లైటు వేస్తే, వీడి పళ్లు. గోనెసంచి కప్పితే పావుగంటలో జారిపోతుంది. ముసలి కుక్కలకు చలికి కీళ్లు పట్టేస్తాయి, ఒంటిని అంటిపెట్టుకుని ఉండేది ఏదైనా తొడగండి అన్నాడు పశువుల డాక్టరు. ఇక్కడి బజారులో దొరికినవన్నీ పొట్టికాళ్ల సీమకుక్కల కొలతలే.

ఊలు కొనలేదు. నా ఆవపిండి రంగు స్వెటరు గుర్తుందా? 1987లో, పెళ్లయిన తొలి చలికాలంలో మా ఆవిడ అల్లింది. నా పొట్టకూ దానికీ చెల్లి ఎన్నో ఏళ్లయింది. ట్రంకుపెట్టె అడుగు నుంచి తీసేసరికి గుప్పున కలరా ఉండల వాసన. సున్నిగాడు ఒకసారి మూతి పెట్టి, తుమ్మి, మంచం కిందికి దూరాడు. తెలివంటే వాడిదే. కలరా ఉండ కుక్క కడుపులోకి పోతే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు చెప్పాక పెట్టెలో ఉన్నవన్నీ ఏరి పారేశాను. స్వెటరును చన్నీళ్లలో రెండుసార్లు జాడించి మూడు రోజులు గాలికి ఆరేశాం. అతుకులు విప్పి కొస పట్టుకుని లాగితే వరుస వెంట వరుస సర్రున ఊడి వచ్చింది. అలా ఊడిన ఊలు ఉడికిన సేమియాలా వంకర్లు తిరిగి ఉంటుంది. లచ్ఛిగా చుట్టి, తడిపి, కింద ఇత్తడి చెంబు వేలాడగట్టి వదిలేస్తే ఆరేసరికి తిన్నగా అయింది.

అల్లమంటే ఆవిడ అల్లలేదు. ‘మీ కుక్క, మీ సూదులు’ అని బడిలో క్రాఫ్టు పీరియడులో నేర్చుకున్నది మాత్రం నేర్పింది. ఈ సూదుల దగ్గర ఒక తిరకాసు ఉంది. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 8 నంబరు సూది 4 మిల్లీమీటర్లు, 10 నంబరుది మూడుంబావు. పదే లావు అనుకుని నాలుగు రోజులు అల్లితే అట్టముక్కలా బిగుసుకుపోయింది. ఊడదీశాను.

రెండోసారి 8 నంబరు సూదులతో, మనవడి స్వెటరు ఎదురుగా పెట్టుకుని అల్లాను. మనిషి చేతులు పక్కలకు ఉంటాయి, కుక్క ముందుకాళ్లు ఛాతీ కింద దగ్గర దగ్గరగా ఉంటాయి. ఇంత వయసు వచ్చినా ఈ సంగతి తట్టలేదు! తొడిగితే రెండు కాళ్లూ చెరోవైపుకు లాగేసి, కావడి మోసేవాడిలా నిలబడిపోయాడు. అడుగు వేయడు. తోక కూడా కదలదు. కళ్లు మాత్రం నా మీదే. మా ఆవిడ తలుపు చాటుకు వెళ్లి నవ్వింది.

అప్పుడు టేపు తీశాను. వాడు నిలబడి ఉండగానే కొలవాలి, కూర్చుంటే కొలత మారిపోతుంది. మెడ 36 సెంటీమీటర్లు, ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టూ 56, మెడ నుంచి తోక మొదలు దాకా 50. ఊపిరి ఆడటానికి మరో 4 కలిపితే ఛాతీ 60. చిన్న ముక్క అల్లి చూస్తే 10 సెంటీమీటర్లకు 20 కుట్లు పడ్డాయి, అంటే మొత్తం 120. అందులో వీపు ముక్కకు 80, పొట్ట ముక్కకు 40. రెండూ మెడ నుంచి కిందికి విడివిడిగా అల్లి, కాళ్లకు సందులు వదిలి, పక్కలు కలిపి కుట్టడం. బ్యాంకులో అన్నేళ్లు లెడ్జర్లు సరిచూశాను కదా, ఆ రాత్రి 80, 40 కలిసి 120 అయినప్పుడు కలిగిన సంతోషం ఏ మార్చి 31 నాడూ కలగలేదు.

మెడపట్టీ రెండు కుట్లు ఎదురు, రెండు కుట్లు తిరగ అల్లాను. అలా అల్లితే సాగి, తల దూరాక మళ్లీ దగ్గరికి వస్తుంది. ఊలుకూ మెడకూ మధ్య రెండు వేళ్లు పట్టాలి. గుండీలు పెట్టలేదు, కొరికి మింగుతాడు. ఊలు మింగితే ఇంకా ప్రమాదం, దారం పేగుల్ని కుచ్చులా లాగేస్తుంది. అందుకని నా ఊలు ఉండకు స్టీలు డబ్బా, డబ్బాకు బీరువా. మా ఆవిడ నగలకు కూడా ఇంత కాపలా లేదు.

ఇన్ని లెక్కలు వేసినా ఒకటి మరిచాను. పొట్ట ముక్కను వీపు ముక్కంత పొడవు అల్లాను. మర్నాడు పొద్దున వేపచెట్టు దగ్గర వాడు కాలెత్తాడు. తర్వాత ఏమైందో నువ్వే ఊహించుకో. మగకుక్కకు పొట్ట వైపు బాగా ముందే ఆపేయాలట. ‘తెలుసు, మీరు అడగలేదు’ అంది మా ఆవిడ. ఉతికి ఆరేసి, 18 సెంటీమీటర్లు ఊడదీసి, మళ్లీ కుట్లు మూశాను.

వారం నుంచి రాత్రిళ్లు టకటక లేదు. తొమ్మిది గంటలకు అరుగు మీదికి ఎండ రాగానే విప్పేస్తాను. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే దానికి దారి. రొప్పుతుంటే స్వెటరు ఎక్కువైందన్నమాట. సాయంత్రం చీకటి పడగానే వాడే వచ్చి నా మోకాళ్ల మధ్య తల దూర్చి నిలబడతాడు. మొదట ముద్దు అనుకున్నాను. కాదు, మెడపట్టీ కోసం వెతుకుతున్నాడు.

పుష్య అమావాస్యకు కెస్లాపూర్ నాగోబా జాతరకు వస్తానన్నావు, తప్పకుండా రా. పూజ రాత్రిపూట, నిలబడేది ఆరుబయట. ఊలు ఇంకా రెండు ఉండలు మిగిలింది, నీకు మంకీ టోపీ మొదలుపెడతాను. తల చుట్టుకొలత రాసి పంపు. ఆవపిండి రంగు నీకు నచ్చదని తెలుసు. సున్నిగాడు ఏమీ అనలేదు.

చెల్లాయికి ఆశీస్సులు.

నీ బావ