తెల్ల గీత పడేదాకా రోడ్డు పని అయిపోయినట్టు లెక్క కట్టకండి

రాష్ట్ర రోడ్లు, భవనాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను నెల్లూరు జిల్లాలో పాల వ్యాను నడుపుతాను. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరి, కోవూరు చుట్టుపక్కల పల్లెల్లో పాలు ఎత్తుకుని, ఆరు లోపల కేంద్రంలో దించాలి. పదహారేళ్లుగా ఇదే పని. రోడ్డును నేను వెలుతురులో చూసింది తక్కువ, చీకట్లో చూసిందే ఎక్కువ.

మా దారిలో కొంత దూరం రోడ్డు కాలువ గట్టు మీదే పోతుంది. ఎడమ పక్క కాలువ, కుడి పక్క వరి మళ్లు. అడ్డు గోడ లేదు. పోయిన వేసవిలో ఆ రోడ్డు కొత్తగా వేశారు. గుంతలు పోయాయి, నా నడుం నొప్పి తగ్గింది, అబద్ధం చెప్పను. కానీ తారు పోసినవాళ్లు గీతలు గీయకుండానే వెళ్లిపోయారు. పాత రోడ్డు అరిగి బూడిద రంగులో ఉండేది, అంచు ఎక్కడుందో కాస్త తెలిసేది. కొత్త తారు హెడ్‌లైట్ వెలుతురంతా మింగేస్తోంది. రోడ్డూ నలుపే, కాలువ నీళ్లూ నలుపే.

కార్తీక మాసంలో ఒకరోజు సన్నగా వాన పడుతోంది. ఎదురుగా ఒక బండి హైబీమ్ వేసుకుని వచ్చింది. డిప్ కొట్టినా దించలేదు. కళ్లు చీకట్లు కమ్మాయి. అలాంటప్పుడు ఏ డ్రైవరైనా ఎదుటి లైటు చూడడం మానేసి, ఎడమ అంచున ఉండే తెల్ల గీత పట్టుకుని నెమ్మదిగా పోతాడు. నా పక్కన కూర్చున్న క్లీనరు కుర్రాడు "అన్నా, అంచు యాడుందన్నా?" అన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోపే ఎడమ చక్రం మార్జిన్‌లోని మెత్తటి మట్టిలోకి దిగిపోయింది. వ్యాను ఒరిగి, తుమ్మ చెట్టుకు ఆనుకుని ఆగింది. ఆ చెట్టు లేకపోతే మేమిద్దరం కాలువలోనే. వెనక క్యాన్లు దొర్లి రెండిటి మూతలు ఊడాయి. దిగి చూస్తే పాలు తారు మీద సన్నటి చారగా సాగుతున్నాయి. ఆ రోడ్డు మీద నాకు కనబడిన మొదటి తెల్ల గీత అదే.

మా అమ్మాయి సివిల్ డిప్లొమా చదువుతోంది. అసలు ఈ గీతల సంగతేమిటో వెతికి చదివి వినిపించింది. 1911లో అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని వేన్ కౌంటీలో ఎడ్వర్డ్ హైన్స్ అనే రోడ్ల అధికారి నడి రోడ్డు మీద గీత గీయించాడట. ఒక పాలబండి లోంచి పాలు కారుతూ పోతుంటే వెనక పడిన తెల్ల చార చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందని చెబుతారు. అది విన్నప్పుడు నా ఒళ్లు జలదరించింది.

మన దగ్గర నియమాలకేం లోటు లేదు. రోడ్డు గీతలు ఎలా ఉండాలో చెప్పడానికి, దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి 35వ నంబరు కోడ్ ఉంది, 2015లో దాన్ని సవరించారు కూడా. మంచి గీత మామూలు పెయింటుతో వచ్చేది కాదు. థర్మోప్లాస్టిక్ అనే పొడిని బాయిలర్‌లో 200 డిగ్రీల దరిదాపుల్లో కరిగించి, రోడ్డు మీద 2.5 మిల్లీమీటర్ల మందాన పరుస్తారు. అది వేడిగా ఉండగానే పైన సన్నటి గాజు పూసలు చల్లాలి. ఉప్మా రవ్వంత సన్నగా ఉంటాయి. హెడ్‌లైట్ వెలుతురు పూసలోకి పోయి, వెనకనున్న తెల్లదనానికి తగిలి, మళ్లీ డ్రైవరు కంటి వైపే తిరిగొస్తుంది. రాత్రి గీత మెరిసేదంతా ఆ పూసల వల్లే. పూసలు లేని గీత పగలు ఫొటోకి బాగుంటుంది, రాత్రికి ఉండదు. తాడు కట్టి బ్రష్షుతో పెయింటు పూసిపోయిన గీతల్ని నేను చాలాచోట్ల చూశాను. ఒక్క వానాకాలానికే వెలిసిపోతాయి.

అందుకని అయ్యా, నేను అడిగేది ఒక్కటే. గీత పడేదాకా రోడ్డు పని పూర్తయినట్టు రాయొద్దని, చివరి బిల్లు ఇవ్వొద్దని ఉత్తర్వు ఇవ్వండి. గీతను చూసి సంతకం పెట్టే ఇంజినీరు గారు రాత్రిపూట, బండిలో కూర్చుని, హెడ్‌లైట్ వెలుతురులో చూసి పెట్టాలి. కాలువ గట్లు, చెరువు కట్టలు, మలుపులు ముందు చేయండి, పొలాల మధ్య తిన్నగా పోయే రోడ్లు తర్వాత చేసినా ఫరవాలేదు. 2019లో మోటారు వాహనాల చట్టంలో 198ఎ అనే సెక్షన్ చేర్చారు. రోడ్డు ప్రమాణాలు పాటించక ఎవరైనా చనిపోతే, అంగవైకల్యం వస్తే, బాధ్యులైన అధికారికి, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. అక్కడిదాకా పోకముందే గీత గీస్తే చాలు కదా.

మొన్న మేమే సున్నం కలిపి ఆ మలుపులో ఇరవై గజాలు గీశాం. రెండు రోజులకు వాన వచ్చి కడిగేసింది. మళ్లీ గీశాం. మా జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తడి రోడ్డు మీద థర్మోప్లాస్టిక్ అతకదు, ఎండల్లోనే వేయాలి. వచ్చే అక్టోబరు లోపల మా గట్టు రోడ్డుకు ఎడమ అంచున ఒక్క గీత వేయించండి.

ఇట్లు,
ఒక పాల వ్యాను డ్రైవరు,
నెల్లూరు జిల్లా