వార్షిక నివేదిక: కుబర్నెటిస్ క్లస్టర్లలో ట్రినో కనెక్టర్లు

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది సంఘం నడిపిన తరగతుల్లోనూ, సిద్ధం చేసిన నమూనా ఫైళ్లలోనూ ఎక్కువ భాగం ట్రినోకు డేటాబేస్‌లను కలిపే పనికే వెళ్లింది. ట్రినో అంటే వేర్వేరు డేటాబేస్‌లను ఒకే చోటి నుంచి ఎస్‌క్యూఎల్‌తో ప్రశ్నించే ఇంజిన్. కుబర్నెటిస్ అంటే ప్రోగ్రాములను కంటైనర్లుగా అనేక యంత్రాల మీద నడిపే వ్యవస్థ.

కనెక్టర్ ఫైలు, అంటే ట్రినోను ఒక డేటాబేస్‌కు కలిపే సెట్టింగుల ఫైలు, చిన్నదే. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు నాలుగు వరుసలు చాలు: కనెక్టర్ పేరు, జేడీబీసీ చిరునామా (జావా ప్రోగ్రాములు డేటాబేస్‌ను చేరే చిరునామా), యూజర్, పాస్‌వర్డ్. ఫైలు పేరే క్యాటలాగ్ పేరు, అంటే క్వెరీల్లో ఆ డేటాబేస్‌ను పిలిచే పేరు అవుతుంది కాబట్టి హైఫన్ వద్దు, లేదంటే ప్రతి క్వెరీలో డబుల్ కోట్స్ పెట్టాలి. పోస్ట్‌గ్రెస్ చిరునామా చివర డేటాబేస్ పేరు ఉండాలి. మైఎస్‌క్యూఎల్ చిరునామాలో మాత్రం డేటాబేస్ పేరు పెడితే ట్రినో సర్వర్ లేవదు. స్పెల్లింగ్ తప్పిన ఒక్క ప్రాపర్టీ ఉన్నా అంతే, పాడ్ (కుబర్నెటిస్‌లో కంటైనర్ నడిచే యూనిట్) మళ్లీ మళ్లీ పడిపోతుంది. అప్పుడు చూడాల్సింది ఆగిపోయిన కంటైనర్ లాగ్. ట్రినో గుర్తించక వాడని ప్రాపర్టీ పేరు అందులోనే ఉంటుంది.

పాస్‌వర్డ్‌ను సీక్రెట్‌లో (కుబర్నెటిస్ రహస్యాలు దాచే చోటు) ఉంచి, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా కోఆర్డినేటర్‌కూ (క్వెరీని పంచిపెట్టే ట్రినో సర్వర్), వర్కర్లకూ (ఆ పని చేసే సర్వర్లు) అందించండి. కోఆర్డినేటర్‌కు మాత్రమే ఇస్తే వర్కర్లు లేవవు.

కాన్ఫిగ్‌మ్యాప్ (సెట్టింగుల ఫైళ్లు ఉండే కుబర్నెటిస్ వస్తువు) మార్చాక పాడ్‌లన్నీ రీస్టార్ట్ కావాలి. పాడ్ ఆగడానికి కుబర్నెటిస్ మామూలుగా ఇచ్చే గడువు 30 సెకన్లే, నడుస్తున్న క్వెరీలు తెగిపోతాయి. వర్కర్లకు గ్రేస్‌ఫుల్ షట్‌డౌన్ (చేతిలోని పని ముగించాకే ఆగడం) పెట్టి, ట్రినో ఆగే ముందు పాటించే విరామం (గ్రేస్ పీరియడ్) 120 సెకన్లయితే పాడ్ గడువు కనీసం 240 ఇవ్వండి, ఎందుకంటే ట్రినో ఆ విరామాన్ని రెండుసార్లు పాటిస్తుంది.

సభ్యులు ఎక్కువగా అడిగింది వేగం గురించి. వర్కర్లను పెంచినా పోస్ట్‌గ్రెస్ టేబుల్ చదవడం వేగం కాదు, ఒక టేబుల్‌ను ఒకే కనెక్షన్ మీద ఒకే వర్కర్ చదువుతుంది. ముందు ఎక్స్‌ప్లెయిన్ (క్వెరీ ఎలా నడుస్తుందో చూపే ఆదేశం) చూడండి. ఫిల్టర్ ట్రినో వైపే మిగిలిపోయిందంటే టేబుల్ మొత్తం నెట్‌వర్క్ మీదుగా వస్తున్నట్టే. టెక్స్ట్ కాలమ్‌పై సమానం అనే షరతు పోస్ట్‌గ్రెస్‌కు దిగుతుంది, అంటే వడపోత అక్కడే జరుగుతుంది. పెద్దది, చిన్నది అనే పోలిక మామూలు సెట్టింగ్‌లో దిగదు. తేదీ కాలమ్‌తో వడపోయడం మేలు.

కనెక్షన్ల లెక్క మరవద్దు. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్ పరిమితి 100. ఐదు టేబుళ్ల జాయిన్ ఐదు కనెక్షన్లు తీసుకోగలదు. అలాంటి క్వెరీలు ఇరవై ఒకేసారి వస్తే అసలు అప్లికేషన్‌కే చోటుండదు. ట్రినో కోసం వేరే రోల్ (డేటాబేస్ యూజర్) సృష్టించి దానికి కనెక్షన్ పరిమితి పెట్టడం, వీలైతే రీడ్ రెప్లికాకు (చదవడానికి మాత్రమే ఉండే డేటాబేస్ నకలు) కలపడం తప్పనిసరి అని మా అభిప్రాయం.

వచ్చే ఏడాది డైనమిక్ క్యాటలాగ్‌లపై, అంటే ఫైలుతో కాక క్వెరీతో సృష్టించే క్యాటలాగ్‌లపై తరగతులు ఉంటాయి. రీస్టార్ట్ అక్కర్లేదు గానీ, క్యాటలాగ్ సృష్టించే క్వెరీ మొత్తం ట్రినో వెబ్ స్క్రీన్‌లో కనిపించవచ్చు. కాబట్టి అందులోనూ పాస్‌వర్డ్ నేరుగా రాయకుండా వేరియబుల్ పేరే ఇవ్వాలి.