సియర్స్‌ను ముంచింది ఆన్‌లైన్ ఒక్కటే కాదు

సంపాదకునికి,

అమెరికాలో డిపార్ట్‌మెంట్ స్టోర్లు మూతపడుతున్నాయంటే చాలు, నెపం అమెజాన్ మీదికి నెట్టేస్తున్నారు. అలాంటి స్టోర్ల గొలుసే అయిన సియర్స్ సంగతి చూస్తే లెక్క అంత తేలిక కాదు. ఇంటికే సరుకు పంపే వ్యాపారంతో ఎదిగిన సంస్థ అది. చేతి గడియారం మొదలు విడిభాగాలుగా రైల్లో వచ్చే ఇల్లు దాకా కేటలాగులోనే అమ్మింది. నష్టాలొస్తున్నాయని ఆ పెద్ద కేటలాగును 1993లో ఆపేసింది. మరుసటి ఏడాదే అమెజాన్ పుట్టింది. కొనేవాళ్ల చిరునామాలు, గోదాములు, అప్పు ఖాతాలు అన్నీ చేతిలో పెట్టుకుని మరీ సియర్స్ ఆ దారి వదిలేసింది!

తర్వాతి తప్పు ఇంకా పెద్దది. 2005లో కెమార్ట్ అనే మరో దుకాణాల గొలుసుతో కలిశాక దుకాణాల బాగోగులకు డబ్బు బిగబట్టారు. 2015లో 230కి పైగా స్థలాలను సుమారు 270 కోట్ల డాలర్లకు సెరిటేజ్ అనే స్థిరాస్తి సంస్థకు అమ్మి, చాలావాటిలో తామే అద్దెకు దిగారు. రొక్కం ఒక్కసారి వచ్చింది, అద్దె నెలనెలా పోయింది. సరఫరాదారులకు నమ్మకం సడలితే అరువు గడువు తగ్గిస్తారు, ఆపై ముందే డబ్బు కట్టమంటారు. దాంతో అరలు ఖాళీ. కావాల్సిన సైజు చొక్కా రెండుసార్లు దొరకని మనిషి మూడోసారి రాడు. 2018 అక్టోబరులో దివాలా పిటిషన్ వేశారు.

దెబ్బ అక్కడితో ఆగదు. పెద్ద స్టోరు మూతపడితే అద్దె తగ్గించాలని, లేదా ఖాళీ చేసి పోవచ్చని అక్కడి మాల్స్‌లో చిన్న కొట్ల ఒప్పందాల్లో తరచూ షరతు ఉంటుంది. హైదరాబాద్, విజయవాడల్లో మాల్‌లో కొట్టు తీసుకునేవారు సంతకానికి ముందే ఆ షరతు అడిగి రాయించుకోవాలి.

– ఒక పాఠకుడు