గంజాయి దిగిపోగానే జబ్బు పోయినట్టు కాదు: ఆరోగ్య మంత్రికి బహిరంగ లేఖ

ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. గంజాయి తాగితే జైలుకు పోతారని చెప్పే పోస్టర్లు ఎక్కడ చూసినా ఉన్నాయి. తాగి మతి చలించి ఆస్పత్రికి వచ్చిన మనిషికి ఆ తర్వాత ఏం చేయాలో చెప్పేవాళ్లే లేరు. ఈ లేఖ వాళ్ల గురించి.

గంజాయికీ సైకోసిస్‌కీ, అంటే లేని మాటలు వినిపించి, లేనిపోని అనుమానాలతో మతి చలించే స్థితికీ, సంబంధం ఉందన్నది కొత్త మాట కాదు. స్వీడన్‌లో 1969-70లో సైన్యంలోకి తీసుకున్న 45 వేలమందికి పైగా యువకులను 15 ఏళ్లు గమనించి, 1987లో ఫలితాలు ప్రచురించారు. అప్పటికే 50 సార్లకు మించి గంజాయి తాగామన్నవాళ్లలో స్కిజోఫ్రీనియా (సైకోసిస్ దీర్ఘకాలం ఉండే మానసిక జబ్బు) అసలు తాగనివాళ్లకంటే ఆరు రెట్లు కనిపించింది. మిగతా కారణాలు లెక్కలోకి తీసుకున్నాక తేడా బాగా తగ్గింది, అయినా పోలేదు. యూరప్, బ్రెజిల్‌లలో 11 చోట్ల చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. అందులో రోజూ తాగేవాళ్లకు సైకోసిస్ వచ్చే అవకాశం మూడు రెట్లు, టీహెచ్‌సీ (గంజాయిలో మత్తెక్కించే పదార్థం) 10 శాతానికి తగ్గని ఘాటు సరుకు రోజూ వాడేవాళ్లకు దాదాపు ఐదు రెట్లు ఉందని తేలింది.

తాగేవాళ్లలో ఎక్కువమందికి ఈ జబ్బు రాదు. ఆ సంగతి మీరే ముందు చెప్పండి. కుర్రాళ్లు తమ స్నేహితులను చూస్తున్నారు, వాళ్లంతా బాగానే ఉన్నారు. అందరికీ పిచ్చెక్కుతుందని చెబితే, నిజంగా ప్రమాదంలో ఉన్నవాడు కూడా మన మాట వినడు. పదిహేనేళ్లకే మొదలుపెట్టినవాడికీ, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉన్నవాడికీ ముప్పు ఎక్కువని విడమరిచి చెప్పాలి.

మా తమ్ముడు గోడ అవతల ఎవరో తన పేరు పిలుస్తున్నారని రాత్రుళ్లు చెవి ఆనించి కూర్చునేవాడు. ఫోన్‌లో కెమెరా మీద బొట్టుబిళ్ల అంటించాడు. అన్నంలో ఏదో కలిపామని, నేను ఒక ముద్ద తిన్నాకే తినేవాడు. ఆస్పత్రిలో చేర్చాం. కొద్దిరోజుల్లో నిద్రపట్టింది, మాట తీరు కుదుటపడింది. ‘గంజాయి దిగిపోయింది, ఇంక తాగనివ్వకండి’ అని పంపేశారు. డిశ్చార్జి కాగితం మీద మళ్లీ ఎప్పుడు రావాలో రాయలేదు. కోలుకున్నాడనే మేమూ అనుకున్నాం. ఏడాది తిరక్కుండానే అదంతా మళ్లీ మొదలైంది. ఈసారి గంజాయి ముట్టకుండానే. ఇప్పుడు స్కిజోఫ్రీనియాకు మందులు వాడుతున్నాడు.

మా ఇంట్లో జరిగింది అరుదైన సంగతి కాదు. గంజాయి వల్ల సైకోసిస్ వచ్చినవాళ్లలో మూడో వంతు నుంచి సగం మందికి తర్వాతి ఏళ్లలో స్కిజోఫ్రీనియా లాంటి జబ్బు నిర్ధారణ అవుతుందని పలు దేశాల రికార్డులు చెబుతున్నాయి. మొదటిసారి జబ్బుపడ్డాక కూడా తాగుతూ పోతే తిరగబెట్టే అవకాశం ఇంకా ఎక్కువ. చికిత్స ఆలస్యమయ్యేకొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది. అంటే రోగి మొదటిసారి ఆస్పత్రికి రావడమే మనకు దొరికే మంచి అవకాశం. దాన్నే చేజార్చుకుంటున్నాం.

అందుకే అడుగుతున్నాను. తర్వాతి తేదీ రాయకుండా, ఫలానా డాక్టరును కలవాలని చెప్పకుండా ఇలాంటి రోగిని ఇంటికి పంపకూడదని ఉత్తర్వు ఇవ్వండి. కనీసం రెండేళ్లు మళ్లీ మళ్లీ పిలిపించి చూడాలి. రాకపోతే ఫోన్ చేసి అడగాలి. గంజాయి తాగానని డాక్టరుతో చెప్పిన మాట పోలీసులదాకా పోదని రాతపూర్వకంగా భరోసా ఇవ్వండి. కేసు భయంతో ఎంతోమంది నిజం దాస్తారు, దాంతో వైద్యమే దారి తప్పుతుంది. ఇంటివాళ్లకు తొలి లక్షణాలు చెప్పే మనిషి ప్రతి వార్డులో ఒకరుండాలి.

ఇందులో ఏది ఎప్పటిలోగా చేయగలరో బహిరంగంగానే జవాబివ్వండి.

ఇట్లు,
ఒక రోగి అక్క