అయ్యగారికి, పెద్దలకు కృతజ్ఞతలు

అందరికీ వందనాలు. మా పాస్టరయ్యగారికి, సంఘ పెద్దలకు నలుగురిలో కృతజ్ఞత చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. పేరు రాస్తే అయ్యగారు ఒప్పుకోరు, అందుకే రాయడం లేదు.

యవనస్థుల కూటం కానుకల లెక్క 2 ఏళ్లుగా నేనే చూస్తున్నాను. మొన్న లెక్క అప్పజెప్పే ముందు కూడితే, పుస్తకంలో ఉన్నంత డబ్బు పెట్టెలో లేదు. దొంగతనం చేయలేదు. కానీ రసీదులు లేకుండా ఖర్చుపెట్టాను, తర్వాత రాద్దాంలే అనుకున్నాను, సంఘం డబ్బూ నా డబ్బూ కలిసిపోయాయి. టెన్షన్‌తో 4 రోజులు నిద్ర లేదు. చివరికి పుస్తకం చంకలో పెట్టుకుని అయ్యగారింటికి వెళ్లాను.

ఆయన తిట్టలేదు, ఓదార్చనూ లేదు. కళ్లజోడు పెట్టుకుని "మొదటి పేజీ తియ్యి" అన్నారు. అర్ధరాత్రి దాటేదాకా ఒక్కో పద్దు మీద వేలు పెట్టి అడిగారు. నాకు గుర్తురాని చోటల్లా పెన్సిల్‌తో సున్నా చుట్టారు. మొత్తం 11 సున్నాలు తేలాయి. "ఇది అశ్రద్ధ. రేపు పెద్దల ముందు నువ్వే చెప్పాలి. నేను పక్కన కూర్చుంటాను" అన్నారు.

కూర్చున్నారు. ఒక పెద్దాయన గట్టిగానే నిలదీశారు, నిలదీయాల్సిందే. లోటు ఎవరు కట్టాలన్న మాట వచ్చేసరికి అయ్యగారు, "సగం నా పేరున రాయండి. చూడకుండా సంతకాలు పెట్టింది నేనే" అన్నారు.

బైబిల్లో పౌలు ఫిలేమోను అనే విశ్వాసికి రాసిన ఉత్తరం, ఫిలేమోను పత్రిక, 25 వచనాలే. ఫిలేమోనును విడిచి వచ్చిన దాసుడు ఒనేసిము బాకీ ఏదైనా ఉంటే నా లెక్కలో వేయి, నేనే తీరుస్తానని పౌలు స్వయంగా తన చేత్తో రాశాడు. అది ఏదో మర్యాదకు రాసిన మాట అనుకునేవాణ్ని. పైగా ఇంకో సంగతి నా కంటికి ఆననే లేదు. కొడుకని పిలిచిన ఆ ఒనేసిమును పౌలు తన దగ్గరే దాచుకోలేదు, తిరిగి ఫిలేమోను ముందుకే పంపాడు. పాత నిబంధనలోని ఏలీ కూడా తండ్రే, యాజకుడే. కొడుకులు చేస్తున్న తప్పు తెలిసీ అడ్డుకోలేదు. అయ్యగారు ఆ రాత్రి నన్ను జాలిపడి పంపేసి ఉంటే నేను సంతోషంగానే వెళ్లిపోయేవాణ్ని, వచ్చే ఏడు మళ్లీ అదే పని చేసేవాణ్ని. 'అయ్య' అంటే తండ్రి అని మనందరికీ తెలుసు. ఇన్నేళ్లూ ఆ మాట నోటితో అన్నానే గానీ ఎప్పుడూ ఆలోచించలేదు.

పెద్దలు పుస్తకం నా చేతిలోంచి లాక్కోలేదు. అందుకు వాళ్లకు ప్రత్యేకంగా వందనాలు. ఇప్పుడు ప్రతి నెలా చివరి ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు కళ్లజోడు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంటారు. ఈ నెల ఒక్క సున్నా పడింది. ఆ రసీదు కోసమే వెతుకుతున్నాను.