దరోకా: వరదకు దారి తవ్విన ఊరు

పూజ్యులైన తాతయ్యగారికి, నమస్కారాలు.

నేనిక్కడ క్షేమం. అమ్మమ్మకి మోకాళ్ల నొప్పి తగ్గిందని నాన్న చెప్పాక మనసు కుదుటపడింది. మొన్న సెలవు రోజున స్పెయిన్‌లోని జరగోజా నుంచి బస్సెక్కి దరోకా వెళ్లొచ్చాను. హిలోకా నది లోయలో చిన్న ఊరు, జనం రెండు వేలకు కాస్త అటూ ఇటూ. ఉద్యోగమంతా లాకుల దగ్గరే చేసిన మీకు ఈ ఊరి సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

వీళ్లకి వరద భయం నది వల్ల కాదు, వాగు వల్ల. రెండు కొండల మధ్య వాగు దారిలోనే ఊరు కట్టుకున్నారు. పెద్ద వీధి ఉన్నచోటే ఒకప్పుడు వాగు పారేదట. గట్టి వాన కురిస్తే కొండల మీది నీళ్లన్నీ ఇళ్ల మధ్య నుంచే దూకేవి. దానికి తోడు ఊరి చుట్టూ నాలుగు కిలోమీటర్ల కోటగోడ. అది శత్రువుని బయట ఆపినట్టే నీళ్లని లోపల ఆపేసేది.

అందుకని 1555లో పియర్రెస్ వెడెల్ అనే ఫ్రెంచి ఇంజనీరుని పెట్టుకుని పక్కనున్న కొండకి సొరంగం తవ్వడం మొదలుపెట్టారు. పొడవు దాదాపు 600 మీటర్లు! వాగు నీళ్లు ఊళ్లోకి రాకుండా అటు తిరిగి హిలోకాలో కలిసేలా చేశారు. లోపల నడిచాను తాతయ్యా. బయట మాడు పగిలే ఎండ, లోపల చల్లగా ఉంది. గరుకు రాయి మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడిపోయాను. యంత్రాలు లేని రోజుల్లో ఇంత తవ్వారంటే వాళ్లకి దండం పెట్టాలి.

అయినా 1575 జూలైలో వరద మళ్లీ ఊళ్లోకి వచ్చేసింది. దిగువ ద్వారం తలుపులు మూసి ఉండడంతో నీళ్లు బయటికి పోలేక పైపైకి లేచాయి. అంతలో వరదలో కొట్టుకొచ్చిన ఒక తిరగలిరాయి ఆ తలుపుల్ని ఢీకొట్టి తెరిచిందని, ఊరు బతికిందని చెప్పుకుంటారు. ఆ రాయిని ఇప్పటికీ భద్రంగా దాచుకున్నారు.

ఊరు మొదట అరబ్బులది. 1120లో అరగాన్ అనే క్రైస్తవ రాజ్యపు రాజు మొదటి అల్ఫోన్సో గెలుచుకున్నాడు. సాన్ హువాన్ గుడి వెనక గోడ చూస్తే ఆ ఇద్దరి కట్టుబడి పద్ధతులూ ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. కింద సగం తెల్లటి రాతి కట్టడం, పైన ముస్లిం మేస్త్రీల తరహా ఎర్ర ఇటుక. నాకు పెద్ద చర్చి కంటే ఇదే నచ్చింది. పెద్ద చర్చిలో పాబ్లో బ్రూనా అనే ఆయన ఆర్గన్ వాయించేవాడు. 1611లో ఈ ఊళ్లోనే పుట్టాడు. చిన్నప్పుడే చూపు పోయినా చనిపోయేదాకా ఇక్కడే వాయించాడు. ఆయన కట్టిన బాణీలు యూట్యూబ్‌లో ఉన్నాయి, తమ్ముణ్ణి పెట్టమనండి.

దిగువ ద్వారం బయట ఇరవై ధారల ఫౌంటెన్, అది దాటితే నది ఒడ్డున పచ్చటి మళ్లు.

ఫొటోలు నాన్న ఫోన్‌కి పంపాను. సొరంగం ఫొటో పెద్దది చేసి చూడండి. పై అంచు ఎలా నిలిచిందో నాకు అర్థం కాలేదు, మీకేమనిపించిందో ఆదివారం ఫోన్‌లో చెప్పాలి.

ఇట్లు,
మీ మనవరాలు