తాబేళ్ల కాలంలో మన బడి

తల్లిదండ్రులకు నమస్కారం.

సంక్రాంతి సెలవులు ముగిశాయి. పిల్లల సంచుల్లో అరిసెల వాసన ఇంకా పోకముందే ఈ లేఖ పంపడానికి కారణం ఉంది. మన విశాఖ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే రోజులివి. అటవీశాఖ సిబ్బందితో కలిసి మత్స్యకారులు, కాలేజీ విద్యార్థులు, ఉద్యోగ విరమణ చేసిన కొందరు పెద్దలు ఏటా ఈ గూళ్లను కాపాడుతున్నారు. ఈసారి మన ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలూ వారితో నడవబోతున్నారు. సంతకం పెట్టే ముందు మీకు విషయం పూర్తిగా తెలియాలి.

తల్లి తాబేలు సుమారు 40 కిలోల బరువుంటుంది. రాత్రివేళ ఒడ్డుకెక్కి, అలలు అందని చోటికి పాకి, వెనక తెడ్డుకాళ్లతో అడుగున్నర లోతు గొయ్యి తవ్వుతుంది. నూరుకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒళ్లు అటూ ఇటూ ఊపుతూ ఆ చోటును గట్టిగా అదిమి సముద్రంలోకి వెళ్లిపోతుంది. ఇక గూటి వైపు రాదు. పొదిగే పని ఇసుక వేడిదే. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. ఇసుక వెచ్చగా ఉంటే ఆడవి, చల్లగా ఉంటే మగవి ఎక్కువగా పుడతాయి. ఈ మాట విన్న తొమ్మిదో తరగతి పిల్లలు జీవశాస్త్రం టీచరును ఆ రోజు మరో పాఠం చెప్పనివ్వలేదు.

ఒడిశాలో రుషికుల్య నదీముఖం దగ్గర, గహిర్మాత దగ్గర ఈ తాబేళ్లు లక్షల్లో ఒకేసారి ఒడ్డుకొచ్చే సంవత్సరాలున్నాయి. మన దగ్గర అలా రావు. ఈ రాత్రి ఇక్కడొకటి, రేపు రెండు కిలోమీటర్ల అవతల మరొకటి. కాపలా కష్టమయ్యేది అందుకే. వీధికుక్కలకు గూడు వాసన తగిలిందంటే తెల్లారేసరికి పెంకులే మిగులుతాయి. అందుకని గుడ్లను సేకరించి, కంచె కట్టిన ఇసుక ఆవరణలో మళ్లీ అంతే లోతులో పూడుస్తారు. దాన్నే హేచరీ అంటున్నారు. గుడ్లను పెట్టిన కొన్ని గంటల్లోపే తరలించాలి. ఆలస్యమైతే లోపలి పిండం పెంకు పైభాగానికి అతుక్కుంటుంది, అప్పుడు గుడ్డు దొర్లితే పిండం చచ్చిపోతుంది. సూర్యోదయానికి ముందే నడవమని పిల్లలను లేపడం వెనుక ఉన్న కారణం ఇదే తప్ప క్రమశిక్షణ మీద నాకున్న మోజు కాదు.

పిల్లల పని చూడటం, రాయడం. ఇసుక మీద ట్రాక్టర్ చక్రం వెళ్లినట్టు జాడ కనిపిస్తే అక్కడే ఆగి, సమయం, చోటు నోటు పుస్తకంలో రాసి, వెంట ఉన్న కార్యకర్తకు చెబుతారు. గూడు తవ్వరు, గుడ్డు ముట్టుకోరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ తాబేలు మొదటి షెడ్యూలులో, అంటే గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితాలో, ఉంది. అటవీశాఖ అనుమతి లేకుండా గుడ్డును కదిలించడం నేరం. మంచి ఉద్దేశంతో కదిలించినా అంతే.

ఒక తల్లి ఫోను చేసి, "పిల్లలతో తాబేలు పిల్లలను నీళ్లలోకి వదిలించి ఫొటోలు తీయిస్తారా?" అని అడిగారు. తీయించం. గూటిలోంచి బయటపడిన పిల్లలో కొద్దిగా పచ్చసొన బలం మిగిలి ఉంటుంది. ఒడ్డు దాటి లోతు నీళ్లు చేరేదాకా ఆగకుండా ఈదడానికి దానికున్న పెట్టుబడి అదొక్కటే. అతిథి రావాలనో, వెలుతురు సరిపోలేదనో వాటిని బకెట్లో ఆపితే ఆ బలం బకెట్ గోడలను గీరడానికే ఖర్చయిపోతుంది. అలల దాకా ఇసుక మీద అవి స్వయంగా పాకాలి. పెద్దయ్యాక ఆడ తాబేళ్లు పుట్టిన తీరం వైపే తిరిగి వస్తాయి. అది పదేళ్లు దాటిన తర్వాతి మాట, అప్పటికి మన పిల్లలు ఉద్యోగాల్లో ఉంటారు. వార్తాలేఖకు మంచి ఫొటో దొరకదన్న బెంగ నాకూ ఉంది. ఇసుక మీది జాడ ఫొటో వేసుకుందాం.

మరో సూచన కూడా వచ్చింది: తీరం పొడవునా మొక్కలు నాటుదామని. పర్యావరణం అనగానే మనకు గొయ్యి, మొక్క, నీళ్ల డబ్బా గుర్తుకొస్తాయి. కానీ ఈ తాబేలుకు కావలసింది ఖాళీ ఇసుక. అలల అంచు దాకా సరుగుడు పెంచితే గూడు పెట్టే చోటే పోతుంది. ఇసుక మీద పాకే ఊదారంగు పూల తీగను కూడా శుభ్రం పేరుతో పీకవద్దు. ఇసుక కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది అదే. ఏరవలసినవి వేరే ఉన్నాయి: తెగిన వల ముక్కలు, థర్మోకోల్, సీసాలు, పాలిథిన్ సంచులు. మొక్కలు నాటే ఉత్సాహం ఉన్నవారికి బడి వెనక ప్రహరీ పక్కన బోలెడు స్థలం ఉంది, వేపలు పెంచుదాం.

చెన్నైలో విద్యార్థులు 1988 నుంచి ఒక బృందంగా ఏర్పడి, ఈ నెలల్లో రాత్రిపూట తీరం వెంట నడిచి గూళ్లు వెతుకుతున్నారు. ఒక తరం విద్యార్థులు వెళ్లిపోతే మరో తరం ఆ పని అందుకుంది. నన్ను ఆకట్టుకున్నది ఆ కొనసాగింపు. ఒక ఆదివారం బ్యానరు పట్టుకుని చెత్త ఏరితే తృప్తిగానే ఉంటుంది. ఏమీ కనిపించని ఉదయం కూడా నడిచి, "ఏమీ లేదు" అని పుస్తకంలో రాసి రావడం పిల్లలకు విసుగు. ఆ విసుగుకు అలవాటు పడ్డవాళ్ల వల్లే ఈ పని సాగుతోంది.

మత్స్యకార కుటుంబాల తల్లిదండ్రులతో ప్రత్యేకంగా ఒక మాట. ఒడ్డుకు చచ్చి కొట్టుకొచ్చే తాబేళ్లను చూసి నేరం మీ మీద వేసేవాళ్లు ఉన్నారు. తాబేలుకు ఊపిరితిత్తులుంటాయి, గాలి పీల్చడానికి పైకి రావాలి. మరపడవల ట్రాల్ వలలో చిక్కి పైకి రాలేక మునిగి చస్తుంది. వల గొంతులో ఇనుప చట్రం, దాని పక్కన తాబేలు జారిపోయే ద్వారం అమర్చే పద్ధతి ఉంది. మరపడవల చేపల వేటపై ఏటా ఉండే నిషేధం ఏప్రిల్ 15న మొదలయ్యేసరికి గుడ్లు పెట్టే కాలం దాదాపు గడిచిపోతుంది, కాబట్టి ఈ నెలల్లో ఆ చట్రం అవసరం మరీ ఎక్కువ. చిన్న వలల్లో పడ్డ తాబేలును వల కోసి వదిలేసే తండ్రులు మన బడిలోనే ఉన్నారని పిల్లలు చెప్పారు. ఆ వల ఖరీదు వాళ్ల జేబులోంచే పోతుంది. మహారాష్ట్ర ప్రభుత్వం 2018లో అలా కోసిన వలకు 25,000 రూపాయల వరకు పరిహారం ఇచ్చే పథకం తెచ్చింది. జీవిని కాపాడమని చెప్పేవాళ్లు నష్టంలోనూ భాగం పంచుకోవాలని నా అభిప్రాయం. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో దీని గురించి మీరే మాట్లాడాలని కోరుతున్నాను.

ఇక దీపాల సంగతి. గూటిలోంచి బయటికొచ్చిన పిల్లలు వెలుతురున్న వైపు పాకుతాయి. చీకటి తీరంలో ఆ వెలుతురు సముద్రం మీదిది. మన ఇళ్ల దీపాలు అంతకంటే ప్రకాశంగా ఉంటే రోడ్డు మీదికొచ్చి చస్తాయి. బడిలో సముద్రం వైపున్న ఆటస్థలం దీపాలను మే నెల చివరి దాకా సాయంత్రం ఏడు తర్వాత ఆపేస్తున్నాం. కాపలాదారుకు చేతిదీపం ఇచ్చాం. తీరం ఎదుట ఇళ్లున్నవారు బాల్కనీ దీపాలు ఆర్పి, కిటికీ తెరలు వేస్తే చాలు.

నడక శనివారం, ఆదివారం ఉదయం అయిదింటికి బడి గేటు దగ్గర మొదలవుతుంది, ఏడింటికి ముగుస్తుంది. పదో తరగతి వారికి పరీక్షలున్నాయి కాబట్టి ఎంత బతిమాలినా పంపం. పిల్లలెవరూ నీళ్లలో దిగకూడదు, దిగినవారికి మరుసటి వారం నడక ఉండదు. ప్రతి బృందంతో ఇద్దరు ఉపాధ్యాయులు ఉంటారు, తల్లిదండ్రులు ఒకరిద్దరు తోడొస్తే మరీ మంచిది. మంచినీళ్ల సీసా, మూసి ఉన్న చెప్పులు, ముదురు రంగు బట్టలు చాలు. ఫోన్లు ఇంట్లోనే ఉంచండి. అంగీకార పత్రం ఈ లేఖ వెనక పేజీలో ఉంది. సంతకం చేసి శుక్రవారం లోపు క్లాసు టీచరుకు అందజేయండి. ఉబ్బసం ఉన్న పిల్లలైతే ఆ సంగతి పత్రంలో తప్పక రాయండి, తెల్లవారుజామున తీరంలో మంచు ఎక్కువగా ఉంటోంది.

మీ
ప్రధానోపాధ్యాయురాలు